రాతిలోని భాస్వరము

గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము



గ్రంథాలయ రజతోత్సవమనగా కావ్యమును గూర్చియో, చరిత్రను గూర్చియో ప్రసంగము జరుగునని మీలో పెక్కురు తలచియుందురు. నేను మాటలాడబోవునది ఒక రాతిని గూర్చి. 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథములతోపాటు ప్రకృతి శాస్త్ర గ్రంథములను గూడ తెలుగున అచ్చువేయించినది. అనగా మన గ్రంథాలయోద్యమము శైశవముననే పుస్తకపు అరలో శాస్త్రమునకు పీట వేసినది. ఆ పీటపై కూర్చుండియే నేనీ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

ఆ రాతి పేరు అపటైట్. కాల్షియము, భాస్వరము, ప్రాణవాయువు కలిసి ఏర్పడిన ఖనిజమిది. దానితో కొంచెము ఫ్లోరీను గాని, క్లోరీను గాని, నీటినుండి వచ్చు హైడ్రాక్సిలు అను అంశము గాని చేరియుండును. ఫ్లోరీను చేరినదానిని ఫ్లోరపటైట్ అనియు, హైడ్రాక్సిలు చేరినదానిని హైడ్రాక్సీ అపటైట్ అనియు అందురు. ఈ రెండు పేర్లను గుర్తుంచుకొనుడు. వీనితో మనకు పనియున్నది.

1786లో జర్మను శాస్త్రజ్ఞుడు అబ్రహాం వెర్నరు దీనికా పేరు పెట్టెను. గ్రీకు భాషలో మోసగించుట యను అర్థమిచ్చు పదమునుండి ఆ పేరు పుట్టినది. ఇది ఆకుపచ్చగ నుండి పచ్చలజాతి రాయివలె కనుపించును. నీలిగ నుండి నీలమని భ్రమింపజేయును. గోధుమవన్నెలోను, వన్నెయే లేకుండను గూడ దొరకును. ఆరు పలకల స్ఫటికమగుటచే చూపరులు దీనిని వేరు రత్నమని పొరబడుచుండిరి. పరీక్ష సులభము. రాళ్ళ కాఠిన్యమును ఒకటి మొదలు పది వరకు లెక్కించు వాడుక కలదు. అందు వజ్రము పది, పలుగురాయి ఏడు, అపటైట్ అయిదు. మంచి ఉక్కు చాకుతో గట్టిగా గీచినచో అపటైట్ పై గీత పడును; పలుగురాతిపై గాని, పచ్చపై గాని పడదు.

ఈ రాయి మన ప్రాంతమున ఎక్కడ నున్నదని మీరడుగవచ్చును. సూర్యాపేట చుట్టుపట్ల గుట్టలు, పరుపుబండలు, ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండు గుండ్లు, ఇవియన్నియు గ్రానైటు జాతి శిలలే. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. కంకర మిల్లులకు పోవు రాతి ముక్క నొకదానిని చేతబట్టి ఎండలో తిప్పి చూడుడు. గాజువలె మెరయునది పలుగు. తెల్లగనో, లేత గులాబివన్నెగనో పలకలుగ విరుగునది ఫెల్‌స్పారు. నల్లగా పొరలుగ తళుకులీనునది అభ్రకము. ఈ మూడును కంటికి తెలియును. అపటైట్ మాత్రము కంటికి తెలియదు. సాధారణముగ అది మిల్లీమీటరుకంటె చిన్నవైన సూదులవలెను, గింజలవలెను ఆ నల్ల అభ్రకపు చెంతనే ఒదిగియుండును. రాతిని కాగితముకంటె పలుచగ అరగదీసి సూక్ష్మదర్శిని క్రింద నుంచినప్పుడుగాని దాని ఆరు పలకల అడ్డుకోత కనుపించదు. రాతిలోని భాస్వరములో అధికభాగము ఆ సూదులయందే దాగియుండును.

మిర్యాలగూడెము నుండి దక్షిణముగ కృష్ణవైపు సాగినచో గ్రానైటు నేల ముగిసి, పలకలు పలకలుగ పరచినట్లుండు సున్నపురాతి నేల మొదలగును. కోదాడకు దక్షిణమున మేళ్ళచెరువు, మట్టంపల్లి ప్రాంతములందు సిమెంటు కర్మాగారములు వెలసినది ఈ రాతిని నమ్ముకొనియే. ఇక్కడ ఒక వింత కలదు. పొలమునకు మేలుచేయు భాస్వరము సిమెంటునకు దోషము. సున్నపురాతిలో అది మితిమీరినచో సిమెంటు బలము తగ్గును. కావున సిమెంటు చేయువారు అది తక్కువగనుండు రాతినే కోరుదురు.

నల్లగొండ జిల్లాలోని రామడుగు, వట్టికోడు గ్రామముల చేరువ మూడవ రకపు శిల యొకటి సన్నని గోడలవలె గ్రానైటును చీల్చుకొని యున్నది. దానిని ల్యాంప్రోయిట్ అందురు. భూమి అడుగున ఎంతో లోతునుండి పైకి వచ్చిన శిల యది. ఈ శతాబ్దమున శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించి వర్ణించిరి. వజ్రములు ఇట్టి శిలలయందు లభించు అవకాశముండుటయే వారి ఆసక్తికి ముఖ్యకారణము. కృష్ణాతీరమున కొల్లూరు, పరిటాల వజ్రములకు పేరుగాంచిన చోట్లు గదా! అయితే ఆ శిలలో అపటైట్ గూడ నుండును. వజ్రము కొరకు వెదకువాని చూపు దానిపై నిలువదు. కాని వజ్రము లేకున్న మనకు లోటు లేదు. భాస్వరము లేకున్న ఒక్క గింజ పండదు.

ఇంత చెప్పినంతమాత్రమున మన గుట్టలను త్రవ్వి ఎరువు తీయవచ్చునని ఎవరును ఆశపడవలదు. సూదిమొనంత గింజలుగ చెదరియున్న ఖనిజమును వెలికితీయుట గిట్టుబాటు కాదు. తెలుగునాట అపటైట్ పెద్ద స్ఫటికములుగ, రాశిగ లభించు చోటు తూర్పు కనుమలలోని అనంతగిరి ప్రాంతమున గల కాశీపట్నము. కడప ప్రాంతమున తుమ్మలపల్లె వద్ద యురేనియము కొరకు త్రవ్వు రాయి గూడ భాస్వరముతో కూడిన డోలమైటు శిలయే. దేశము మొత్తముమీద పేరెన్నిక గన్నది రాజస్థానమున ఉదయపురము చేరువ 1968లో కనుగొనబడిన ఝామర్‌కోట్ర గని. ఇన్ని యున్నను మన దేశపు అవసరము తీరదు. మొరాకో, జోర్డాను, ఈజిప్టు మొదలగు దేశములనుండి ఫాస్ఫేటు రాతినో, దానినుండి తీసిన ఆమ్లమునో, తయారైన ఎరువునో ఓడలపై దిగుమతి చేసికొనవలసి వచ్చుచున్నది.

ఇక పొలములోనికి పోదము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడెను. ఎడమ కాలువ, అనగా లాల్‌బహదూరు కాలువ, పారినచోటనెల్ల చెలకలు మాగాణులైనవి. మిర్యాలగూడెము బియ్యపు మిల్లులకు పేరుపొందినది. కాని ధాన్యపు బస్తా ఊరు దాటిన ప్రతిసారియు మన మట్టిలోని భాస్వరము గూడ ఊరు దాటుచున్నది. ధాన్యపు భాస్వరములో పెద్దభాగము తవుడులో నుండును. తవుడు నూనె మిల్లునకును, పశువుల దాణాకును పోవును. కాలువ నీరు తెచ్చినది గాని, పోయిన భాస్వరమును తిరిగి తేలేదు. దానిని తెచ్చునది ఎరువు బస్తా.

ఈ ఎరువు కథయు రాతినుండి పుట్టినదే. 1842లో ఇంగ్లండున జాన్ లాస్ అను రైతు శాస్త్రజ్ఞుడు ఎముకలను, ఫాస్ఫేటు రాతిని గంధకామ్లముతో కలిపి సూపరు ఫాస్ఫేటు చేయు విధానమునకు హక్కుపత్రము పొందెను. అపటైట్ నీట కరగదు; ఆమ్లము తగిలినచో కరగునట్టి రూపమునకు మారును. విశాఖపట్నము మొదలుగాగల రేవులవద్ద నేటి కర్మాగారములు చేయుచున్న పనికి మూలము ఇదియే.

ఇప్పుడొక చిన్న లెక్క. డి.ఏ.పి. బస్తా 50 కిలోలు. అందు నత్రజని 9 కిలోలు. సంచిపై వ్రాసిన 46 శాతము ప్రకారము భాస్వర ఆమ్లజనిదము 23 కిలోలు. దీనిని శుద్ధ భాస్వరముగ లెక్కించినచో సుమారు 10 కిలోలు. క్వింటాలు ధాన్యములో భాస్వరము 200 మొదలు 300 గ్రాముల వరకుండును. ఎకరమునకు 28 క్వింటాళ్ళు పండినదనుకొనుడు. ధాన్యముతో పోవు భాస్వరము 6 నుండి 8 కిలోలు. గడ్డి పొలముననే మిగిలినచో అందలి భాస్వరము మట్టికే చేరును. అనగా ఒక్క బస్తాతో ఇంచుమించు లోటు తీరవలెను. అట్లున్నను పొరుగువాడు ఒక బస్తా వేసినాడని మనము రెండు వేయుచున్నాము.

మిగిలిన భాస్వరము ఏమగును? వేసిన యేడు పైరు తీసికొనునది అందులో అయిదవ వంతు మాత్రమే. కొన్ని నేలలలో అంతకును తక్కువ. మిగిలినది నేలలోనే నిలిచిపోవును. ఎర్రమట్టిలో ఇనుముతో పట్టుపడును. సున్నపు పాలు ఎక్కువైన నల్లరేగడిలో కాల్షియముతో కలిసి మెల్లమెల్లగా మరల రాతి స్వభావమునే పొందును. చూచితిరా దీని గుణము! పరదేశపు గనిలో రాయిగనున్న దానిని ఆమ్లముతో కరగించి, ఓడలమీదను, రైళ్ళమీదను తెచ్చి, అప్పుచేసి కొని చల్లితిమి. అది మన పొలమున తిరిగి రాయి కాజూచుచున్నది. అంతేగాక, భాస్వరము మితిమీరినచో వరికి జింకు అందుట తగ్గును. ఆకు తుప్పువన్నె పట్టి పైరు గిడసబారినప్పుడు, లోపము ఎరువుదనుకొని మరియొక బస్తా వేయు రైతులు గలరు. రోగము హెచ్చుటకే అది మందు.

కావున మొదటి మనవి. మట్టిని పరీక్ష చేయించనిదే భాస్వరపు బస్తా విప్పవలదు. 2015లో ప్రారంభమైన నేల ఆరోగ్య పత్రముల పథకము ఇందుకొరకే యున్నది. భాస్వరము హెచ్చుగనున్న నేలయందు మోతాదు తగ్గించవచ్చును. ముందటి పంటకు వేసినది వెనుకటి పంటకు కొంత అక్కరకు వచ్చును. నేలలో పట్టుపడిన భాస్వరమును విడిపించు సూక్ష్మజీవుల ఎరువులు దొరకుచున్నవి. పశువుల పెంట, పచ్చిరొట్ట వాని పనికి తోడ్పడును. కౌలుకు చేయువానికి ఈ మాట మరింత ముఖ్యము. వాడు ఏటేట చల్లిన బస్తాల ఫలము కౌలు గడువు తీరిన తరువాత నేలయందే మిగిలి, నేల గలవానిదగును.

రాతినుండి పొలమునకు వచ్చితిమి. పొలమునుండి ఇంటిలోనికి పోదము. మన దేహములోని భాస్వరము సుమారు 700 గ్రాములు. అందు నూటికి 85 పాళ్ళు ఎముకలలోను, పండ్లలోను ఉన్నది. ఎముకకు గట్టితనమిచ్చు ఖనిజమేదని అడిగినచో మొదట చెప్పిన రెండు పేర్లలో రెండవది జవాబు. అది హైడ్రాక్సీ అపటైట్ జాతి ఖనిజమే. గుట్టలోని రాయియు, మన ఒంటిలోని బొక్కయు ఒకే కుటుంబమునకు చెందినవి.

మన జిల్లాకు ప్రాప్తించిన దుఃఖమునకు మూలములలో ఈ చుట్టరికమొకటి. నల్లగొండ గ్రానైటులలో ఫ్లోరీను పాలు ఇతర గ్రానైటులకంటె ఎక్కువ. ఫ్లోరపటైట్ లోను, ఫ్లోరైటు అను ఖనిజములోను, అభ్రకములోను అది యుండును. రాయి శిథిలమగుకొలది వాననీరు పగుళ్ళలో ఇంకి, ఏండ్లతరబడి రాతిని ఒరసికొని, ఫ్లోరైడును కరగించుకొనును. నీటిలో కాల్షియము తగినంత యున్నచో ఫ్లోరైడు దానితో కూడి గడ్డకట్టి విడిపోవును. కాల్షియము తక్కువై సోడా క్షారము ఎక్కువైన నీటియందు అది కరగియే యుండును. ఉప్పునీరు నాలుకకు తెలియును; బురదనీరు కంటికి తెలియును. ఫ్లోరైడునకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. పేరునకు తగినట్లు ఇక్కడను మోసమే.

లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాముకంటె తక్కువ ఫ్లోరైడుండుట మంచిది. ఒకటిన్నర మిల్లీగ్రాము దాటరాదు. కొంచెముగ నున్నప్పుడు అది పంటిపై పింగాణిని గట్టిపరచును. అధికమైనచో, ఎనిమిదేండ్లలోపు బిడ్డలకు చిగురులోపల తయారగుచున్న పండ్లు మచ్చలతో, గారతో పైకి వచ్చును. ఏండ్లతరబడి అట్టి నీటినే త్రాగినవారి ఎముకలలో హైడ్రాక్సిలు ఉండవలసిన చోట ఫ్లోరీను చేరును. కీళ్ళచుట్టునున్న నరముల పట్టీలు సున్నము పేరుకొని బిగియును; వెన్ను వంగి లేవకుండును. ఆ దశకు వచ్చినవానికి ముందున్న స్థితి తిరిగి రాదు.

మన దేశమున ఈ వ్యాధిని తొలుత గుర్తించి 1937లో ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లాయందు. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి డాక్టరు సిద్దిఖీ 1955లో బ్రిటిషు వైద్య పత్రికయందు వ్రాసెను. లోకమునకు తెలిసినను ఊరికి నీరు రాలేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో తరములు కుంటుపడినవి. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమునుండి 480 మంది అభ్యర్థులు నిలిచిరి. బ్యాలెట్టు పత్రము పుస్తకమంత అయినది. నీటికొరకు జిల్లా ప్రజలు దేశమునకు వినిపించిన మొర అది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముతో నదీజలము ఇంటింటి కుళాయికి చేరు ఏర్పాటు జరిగినది. అయినను కుళాయి రాని దినమున పాత బోరునకు బిందె తీసికొనిపోవు అలవాటు మిగిలియుండినచో, ఆపద తలుపు మూసితిమే గాని గడియ వేయలేదు.

ఇక్కడ రెండు అపోహలు తొలగవలెను. నీటిని కాచినచో ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది దాని పాలు ఇంకను హెచ్చును. గుడ్డతో వడపోసినను పోదు. పోగొట్టు ఉపాయములలో ఒకదానికి మన జిల్లా పేరే పెట్టిరి. 1970 తరువాతి సంవత్సరములలో నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిన నల్లగొండ పద్ధతి అది. నీటిలో సున్నము, పటిక తగు పాళ్ళలో కలిపి, క్రిములు పోవుటకు బ్లీచింగు పొడి చేర్చి, కలియబెట్టి తేర్చినచో, పటికనుండి పుట్టిన మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగునకు దిగును. పాళ్ళు నీటి పరీక్షనుబట్టి నిర్ణయింపవలెను గాని చేతి అంచనాతో కాదు. రెండవది ఆఫ్రికాలో కొన్ని దేశములు వాడినది: పశువుల ఎముకలను కాల్చి చేసిన బొగ్గుతో నీటిని వడపోయుట. ఎముకలోని అపటైట్ ఫ్లోరైడును ఆకర్షించునని చెప్పితిని గదా! మనుష్యుని ఎముకకు చేటు తెచ్చిన ఆ గుణమునే పశువు ఎముకయందు మేలునకు వినియోగించిరి. శాస్త్రమనగా ఇట్టిదే. గుణమును మార్చజాలము, దానికి తగిన చోటు చూపగలము.

సభ్యులారా! ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు కానుకగ ఏమి తేవలెనని పలువురు ఆలోచించుచున్నారు. నా కోరికలు మూడు. మొదటిది: ఒక అరలో మన ప్రాంతపు రాళ్ళనుంచుడు. సూర్యాపేట గ్రానైటు ముక్క, మట్టంపల్లి సున్నపురాయి, కృష్ణ ఒడ్డున నునుపుదేరిన గులకరాయి, వీలైనచో కాశీపట్నపు అపటైట్ స్ఫటికమొకటి. ప్రతిదాని క్రింద అది దొరకిన ఊరు, తేదీ, తెచ్చినవారి పేరు వ్రాయవలెను. పేరు, చోటు వ్రాయని రాయి వట్టి రాయి; వ్రాసినది పుస్తకముతో సమానము. గనిలోనికి పిల్లలను ఒంటరిగ పంపవలదు. యజమాని అనుమతితో పెద్దలు వెంట నడువవలెను.

రెండవది: ఊరిలోని ప్రతి బావిని, ప్రతి బోరును లెక్కించి, వాని నీటిలో ఫ్లోరైడు ఎంతయున్నదో పరీక్ష చేయించి, ఒక దస్త్రమున వ్రాసి ఈ బల్లపై నుంచుడు. వానకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి పరీక్షింపవలెను. నీటిమట్టము మారినప్పుడు ఫ్లోరైడు పాలు గూడ మారవచ్చును. ఏ బోరునీరు త్రాగదగినదో, ఏది పశువులకును పనికిరాదో కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు గూడ ఆ దస్త్రము చూచి తెలిసికొనగలుగవలెను.

మూడవది: రైతులు తమ నేల పరీక్ష ఫలితముల ప్రతి నొకదానిని ఇక్కడ దాచవలెను. పదియేండ్ల ఫలితములు ఒకచోట చేరినచో, మన ఊరి నేలకు ఎంత భాస్వరము చాలునో మనకే తెలియును. అప్పుడు బస్తాల లెక్క దుకాణమువాడు చెప్పనక్కరలేదు.

నవలలు, కావ్యములు బయటివారు వ్రాసి మనకు పంపిరి. మన రాళ్ళు, నీళ్ళు, నేలలు ఎట్టివో తెలుపు పుస్తకమును మనకొరకు బయటివారెవరును వ్రాయరు. దానిని ఈ గ్రంథాలయ సభ్యులే వ్రాయవలెను. మొదటి పుట రేపటి బావి పరీక్షతో ప్రారంభించుడు.